ఐటీఆర్‌ జిప్‌ ఫైల్‌ తెరుచుకోవట్లేదా? ముందు ఇవి చూడండి

ఆదాయపు పన్ను పోర్టల్‌ నుంచి ఐటీఆర్‌ ఎక్సెల్‌ యుటిలిటీ డౌన్‌లోడ్‌ చేసుకున్నారు. ఎక్స్‌ట్రాక్ట్‌ చేయబోతే ఫైల్‌ పాడైందని కంప్యూటర్‌ చెబుతోంది. గడువు దాటితే రూ.5 వేల దాకా ఆలస్య రుసుము పడుతుంది కాబట్టి కంగారు సహజమే.

చాలాసార్లు లోపం కంప్యూటర్‌ది కాదు, డౌన్‌లోడ్‌ది. లోపల ఏయే ఫైళ్లున్నాయో చెప్పే పట్టిక జిప్‌ చివర్లో ఉంటుంది. మధ్యలో నెట్‌ ఆగి ఆ చివరి భాగం రాకపోతే విండోస్‌ దాన్ని జిప్‌గానే గుర్తించదు. ‘రిపేర్‌’ చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు, రాని భాగాన్ని అవి ఎక్కడి నుంచి తెస్తాయి? పాత కాపీ తీసేసి, వేరే బ్రౌజర్‌లోనో మొబైల్‌ హాట్‌స్పాట్‌తోనో మళ్లీ పోర్టల్‌ నుంచే దించుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన కాపీ మాత్రం వాడొద్దు.

అయినా అదే ఎర్రర్‌ వస్తే డ్రైవ్‌లో ఖాళీ ఉందో లేదో చూడండి. ఫోల్డర్‌ లోపల ఫోల్డర్‌ పెట్టుకుంటూ పోయి చిరునామా 260 అక్షరాలు దాటినా విండోస్‌ మొరాయిస్తుంది. డీ డ్రైవ్‌లో చిన్న పేరుతో ఫోల్డర్‌ పెట్టి అందులోకి ఎక్స్‌ట్రాక్ట్‌ చేయండి.

ఫైల్‌ తెరుచుకుంది కానీ బటన్లు పనిచేయట్లేదా? అది మ్యాక్రోల సమస్య. ఎక్స్‌ట్రాక్ట్‌ చేయకముందే జిప్‌పై రైట్‌ క్లిక్‌ కొట్టి, ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్‌’ టిక్‌ చేయండి. జిప్‌ లోపలే యుటిలిటీ తెరిచి వివరాలు నింపితే అవి సేవ్‌ కావు.

ఫారం 26ఏఎస్‌ టెక్స్ట్‌ జిప్‌ది వేరే సంగతి. దానికి పాస్‌వర్డ్‌ ఉంటుంది. పుట్టిన తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో 8 అంకెలుగా, మధ్యలో గీతలు లేకుండా కొట్టండి.