వాసిష్ఠ రామాయణము

15వ శతాబ్దికిఁ జెందిన మడికి సింగన రచించిన వేదాంత కావ్యము. కరీంనగర ప్రాంతమునందలి రామగిరి దుర్గము నేలిన ముప్పభూపాలుని మంత్రియగు కందనామాత్యునికిఁ బద్మపురాణోత్తరఖండము నంకితమిచ్చిన యీ కవి, దీనిని మాత్రము నరునికిఁ గాక యహోబల నృసింహునకు సమర్పించెను.

మూలము సంస్కృత యోగవాసిష్ఠము. వాక్కు మనస్సుతోఁ గూడఁ బరతత్త్వమును జేరలేక మరలివచ్చునని తైత్తిరీయోపనిషత్తు తేల్చి చెప్పియుండఁగా, 32,000 శ్లోకములని ప్రసిద్ధిగన్న యీ గ్రంథమేల యను శంక సహజము. నిర్వచనమునకు లొంగని జీవబ్రహ్మైక్యమును వసిష్ఠుఁడు కథలుగాఁ జెప్పును, అదియే సమాధానము. రాజ్యము విడిచి యడవికేఁగి, తుదకుఁ గమండలువును జపమాలను సైతము వదలి, దేహమునే త్యజింపఁబోయిన శిఖిధ్వజుని, మునికుమారుని రూపమున వచ్చిన భార్య చూడాల వారించి, విడువవలసినది చిత్తమని బోధించిన కథ వానిలో మిక్కిలి రమ్యము. నిర్వాణ ప్రకరణమున రాముని ప్రశ్న కొకదానికి గురువు మౌనము వహించును; ఉత్తరము తెలియక కాదు, ఆ మౌనమే యుత్తరము. ఇంతకన్న నిజాయితీగల గురువు మన వాఙ్మయమున నరుదు.

రాజనీతి పద్యములను ‘సకలనీతిసమ్మతము’గాఁ గూర్చినవాఁడును సింగనయే యగుట పైకి విచిత్రముగాఁ దోఁచును గాని, జ్ఞానమందిన పిదప శిఖిధ్వజుఁడును మరలి వచ్చి రాజ్యము నేలెను.