ఆటగాళ్ల ఐరన్ మాత్ర: ఒక నమ్మకం పాతుకుపోయిన తీరు

పాండురోగానికి చరకసంహిత చెప్పిన నవాయస చూర్ణం, 17వ శతాబ్దంలో లండన్ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ ద్రాక్షసారాలో నానబెట్టి ఇచ్చిన ఇనుప రజను, 1832లో ఫ్రాన్స్‌లో పియెర్ బ్లో తయారుచేసిన మాత్రలు, చివరకు నేటి క్రీడాకారుల సంచిలోని ఐరన్ బిళ్ల: ఇనుము కథను సాధారణంగా ఇలా ఒకే వరుసలో చెబుతుంటారు. ఈ వరుస నిలవదు. మొదటి మూడూ ఒళ్లు పాలిపోయి నీరసించినవారికి ఇచ్చిన మందులు. వాటి గురి రోగం మీదే గాని, పరుగు వేగం మీద కాదు.

ఆటగాళ్ల మాత్రకు మూలం చాలా దగ్గరి కాలంలో ఉంది. కఠిన శిక్షణ మొదలుపెట్టినవారిలో హిమోగ్లోబిన్ తగ్గడాన్ని జపాన్ శాస్త్రజ్ఞుడు యోషిమురా 1970లో ‘స్పోర్ట్స్ అనీమియా’గా వివరించాడు. ఆయన ఆలోచన ఇనుముకంటే మాంసకృత్తుల చుట్టూనే ఎక్కువగా తిరిగింది. ఎర్రకణాలు చితికి, వాటి ప్రోటీను కండరాల నిర్మాణానికి పోతుందని ఆయన ఊహించాడు. కాలక్రమంలో ఆ ఊహ మరుగునపడింది, పేరు మాత్రం నిలిచింది. రక్తహీనత అన్నాక ఐరన్ ఇవ్వక తప్పదన్న ధోరణి దాని వెంటే వచ్చింది. నిజానికి ఆ తగ్గుదలలో చాలా భాగం నష్టం కాదు, పలచబడటం. ఐదు లీటర్ల రక్తంలో 750 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే పరీక్షలో డెసిలీటరుకు 15 గ్రాములు వస్తుంది. దూరపరుగు సాధనతో ప్లాస్మా అర లీటరు పెరిగిందనుకుందాం. ఒక్క గ్రాము కూడా పోకుండానే ఆ అంకె 13.6కు దిగుతుంది. పెరిగిన ప్లాస్మా వల్ల గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపగలదు కాబట్టి ఇది శిక్షణ ఫలితమే, జబ్బు కాదు. శరీరం సాధించిన ఈ మార్పును లోటుగా చదవడమే మాత్ర అలవాటుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం.

అయితే ఆ రోజుల్లో మాత్ర వాడినవారంతా పొరబడ్డారని చెప్పలేం. ఇనుము పోవడమూ వాస్తవమే. ఒక సైనికుడు నడక తర్వాత ఎర్రని మూత్రం పోసిన ఉదంతాన్ని జర్మనీలో ఫ్లైషర్ 1881లోనే నమోదు చేశాడు. ట్రయథ్లాన్ క్రీడాకారులతో గంట పరుగు, గంట సైక్లింగ్ చేయించి పోల్చిన 2003 నాటి ఆస్ట్రేలియా పరిశోధన, పరుగులో ఎర్రకణాలు పగలడానికి నేలను తాకే పాదమే ప్రధాన కారణమని చూపింది. 1972లో ఇనుము నిల్వలను సూచించే ఫెరిటిన్ పరీక్ష వచ్చాక, హిమోగ్లోబిన్ తగ్గకముందే నిల్వలు అడుగంటడం తెలిసింది. స్త్రీలలో నెలసరి నష్టం దీనికి తోడవుతుంది. నిల్వలు తగ్గినా రక్తహీనత లేని స్త్రీలకు ఆరు వారాలు ఐరన్ ఇస్తే శిక్షణ ఫలితం మెరుగైందని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో తేల్చారు. ఈ ఆధారాన్ని కాదనలేం. కానీ అది రుజువు చేసింది లోటు తీరిస్తే కలిగే మేలును మాత్రమే. నిండుగా నిల్వలున్నవారికి మాత్ర అదనపు శక్తినిస్తుందని దాన్నిబట్టి చెప్పడం కుదరదు.

ఈ శతాబ్దపు ఆరంభంలో బయటపడిన హెప్సిడిన్ ఈ తేడాను మరింత స్పష్టం చేసింది. కాలేయం తయారుచేసే ఈ హార్మోన్ పేగు నుంచి ఇనుము రక్తంలోకి వెళ్లడాన్ని అడ్డుకుంటుంది. కఠిన వ్యాయామం తర్వాత కొన్ని గంటల్లోనూ, మాత్ర వేసుకున్న తర్వాతా దాని స్థాయి పెరుగుతుంది. నిల్వలు తగ్గిన స్త్రీలలో రోజూకన్నా రోజు విడిచి రోజు వేసుకున్న మాత్రే ఎక్కువగా ఒంటబట్టిందని 2017లో జ్యూరిక్ పరిశోధకులు చూపారు. పైగా చేరిన ఇనుమును బయటికి పంపే ప్రత్యేక మార్గం శరీరానికి లేదు. 1990లలో ఎర్రకణాలను పెంచే ఈపీఓ అనే హార్మోన్‌తో పాటు ఐరన్ ఇంజెక్షన్లు తీసుకున్న వృత్తి సైక్లిస్టులలో ఫెరిటిన్ మితిమీరి పెరగడం దీనికి సాక్ష్యం.

మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి మన అమ్మాయిలకు అడగకుండానే మాత్ర ఇస్తే తప్పేమిటన్నది న్యాయమైన ప్రశ్న. ప్రభుత్వాలు బడుల్లో నివారణకు ఇచ్చే మోతాదుతో నాకు పేచీ లేదు. శిక్షణ శిబిరంలో అలసిన ప్రతివారికీ, అబ్బాయిలతో సహా, శక్తి పేరిట ఇస్తే మాత్రం అలసటకు అసలు కారణమైన చాలని తిండి, చాలని నిద్ర, అతి శిక్షణ కనబడకుండా పోతాయి. కోచ్‌లకు నా విన్నపం ఒక్కటే: ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ రెండూ పరీక్ష చేయించండి. లోటు తేలితే డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినంత కాలం వాడించండి. లోటు లేకపోతే ఇవ్వకండి.