చాదస్తము, మతిమరుపు, డిమెన్షియా



ఇంటిలోని వృద్ధుడు ఒక మాటను నాలుగుసార్లు చెప్పినయెడల ఇంటివారు ‘చాదస్తము’ అందురు. ఇరుగుపొరుగువారు ‘మతి తప్పినది’ అందురు. పట్టణమునందలి వైద్యుడు చీటిమీద ‘డిమెన్షియా’ అని వ్రాయును. పత్రికలవారు దానినే ‘మతిమరుపు వ్యాధి’ యనియు ‘చిత్తవైకల్య’ మనియు ముద్రించుచున్నారు. ఈ మాటలన్నియు ఒక్క అర్థమునే చెప్పుచున్నవని మనము తలచుచున్నాము. అది సరికాదు. ఏ మాట ఎచటనుండి వచ్చినదో, దానిని తారుమారుగా వాడుటవలన వృద్ధులకు ఏమి హాని కలుగుచున్నదో విన్నవించెదను.

మొదట మన ఇండ్లలోని మాటను చూతము. ఛందస్సనగా వేదము. ఛాందసుడనగా వేదాధ్యయనము చేసినవాడు. అది గౌరవపదము. లోకవ్యవహార మెరుగక చదివినదానినే పట్టుకొని కూర్చుండువాడను అర్థము పిమ్మట వచ్చి చేరినది. ఆ ఛాందసమే జనుల నోట చాదస్తమై, విసుగు పుట్టించు పెద్దల మాటలకెల్ల పేరైనది. వింత యేమనగా, ఆ వేదపాఠమునుండియే ‘ఘనాపాఠి’ యను మాటయు పుట్టినది. పదములను ముందునకును వెనుకకును మరల మరల కూర్చి ఘన చెప్పగలవాడు ఘనాపాఠి. వాడుకలో ఆ మాటకు ఏ పనియందైనను ఆరితేరినవాడని అర్థము వచ్చినది. విద్య యొక్కటియే, ఒక మాట మెప్పైనది, రెండవది ఎత్తిపొడుపైనది.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న మన కోనసీమకు ఇది పరాయి విషయము కాదు. పుస్తకము ముట్టక వేదమును కంఠమున నిలుపుకొన్న కుటుంబములు ఇక్కడి అగ్రహారములలో తరతరములుగా నుండెను. అమెరికా దేశపు పండితుడు డేవిడ్ నైప్ వారి జీవితములను చిరకాలము పరిశీలించి 2015లో ఆంగ్లమున ఒక గ్రంథమునే ప్రకటించెను. ఛాందసుడని జనులు నవ్వినది అట్టి ధారణ గలవారినే. కావున చాదస్తమనగా జ్ఞాపకము పోవుట కాదు. జ్ఞాపకమున నున్నదానిని విడువకపోవుట. వ్యాధియో, పట్టు తప్పిపోవుట. చాదస్తుడు తాను చెప్పినది గుర్తుండియే, మనము వినలేదని మరల చెప్పును. వ్యాధిగ్రస్తుడు చెప్పిన సంగతియే మరచి మరల చెప్పును. చెవికి రెండును ఒక్కటిగానే తోచును; లోపలి కారణములు మాత్రము ఒకదానికొకటి ఎదురు.

మన వైద్యశాస్త్రమునకు ఈ భేదము తెలియకపోలేదు. చరకసంహిత ధీ, ధృతి, స్మృతి యని మూటిని వేరువేరుగా నెంచినది. తెలిసికొనుట ధీ, నిగ్రహించుకొనుట ధృతి, జ్ఞాపకముంచుకొనుట స్మృతి. ఈ మూడును ఒకేసారి చెడవలెనన్న నియమము లేదు. స్మృతి సన్నగిల్లినవానికి ధీ నిలిచియుండవచ్చును. ఈ సంగతిని శ్రోతలు మనసున నుంచుకొందురు గాక. దీని ప్రయోజనము ముందు తెలియగలదు.

ఇక డిమెన్షియా. ఇది లాటిను మాట. అందలి ‘మెన్స్’ అనునది మనస్సునకు పేరు. అదియు మన ‘మతి’ శబ్దమును ఒకే మూలమునుండి వచ్చిన దాయాదులు. అనగా ‘మతి తప్పుట’ యని మన పల్లెవారు చెప్పునదియే ఆ మాటకు అక్షరార్థము. ఐరోపావారు దీనిని చాలకాలము సకలవిధములైన పిచ్చికిని వాడిరి. యౌవనమున వచ్చు ఒక మానసిక రోగమునకు సైతము క్రేపెలిన్ అను జర్మను వైద్యుడు ఈ పేరే తగిలించెను. 1908లో బ్లాయిలర్ దానిని మార్చి స్కిజోఫ్రీనియా యనెను. 1906లో ఆలోయిస్ ఆల్‌జైమర్ అను వైద్యుడు, 51 ఏండ్ల వయస్సున చికిత్సకు వచ్చి 1906లో మరణించిన యొక స్త్రీ మెదడులో తాను కనుగొన్న మార్పులను వైద్యసభలో వివరించెను. 1910లో క్రేపెలిన్ ఆ వ్యాధికి ఆల్‌జైమర్ పేరు పెట్టెను. డిమెన్షియాకు కారణమగు వ్యాధులలో ముఖ్యమైనది ఇదియే. జపానువారి పాతపేరునకు తెలివితక్కువతనమను అర్థము ధ్వనించుచుండుటచే, 2004లో ఆ ప్రభుత్వము దానిని తొలగించి వేరొక పేరు నిర్ణయించినది. పేరు నొప్పించునని గ్రహించి మార్చుకొన్న దేశమది.

మనము మాత్రము రెండు విధములుగా పొరబడుచున్నాము. ప్రత్యర్థిని నిందింపవలసినపుడు ‘వానికి మతి భ్రమించినది’ అని వ్రాయుచు రోగమును తిట్టుగా మార్చుచున్నాము. ఇంటిలో నిజముగా రోగము వచ్చినపుడు ‘వయస్సు వచ్చినది గదా’ యని దానిని కప్పిపుచ్చుచున్నాము. 2023లో ప్రకటితమైన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము, 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి ఈ వ్యాధి యున్నది. నూటికి తొంబదిమందికి పైగా అది లేదు. కావున అది ముసలితనమునకు మారుపేరు కాదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి ప్రభృతులు 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవారికి వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా పొడసూపినదని 2013లో ప్రకటించిరి. చదువురానివారిలోను ఈ భేదము కానవచ్చినది.

మాట తారుమారైనచో హాని యెంత దూరము పోవునో దస్తావేజులలో చూడవచ్చును. బడిపంతులుగా నుండినవాడను గనుక, ఊరిలో పలువురు వీలునామాలు తెచ్చి నాచేత చదివించుకొనుచుందురు. ‘స్వస్థచిత్తముతోను స్థిరబుద్ధితోను వ్రాయించినది’ అను పంక్తి వానిలో తప్పక యుండును. కొబ్బరితోట పంపకమున తగవు వచ్చినచో, నిన్నటివరకు ఇంటిలో వేళాకోళముగా నన్న ‘చాదస్తము’ నేడు వ్యాజ్యములో ‘మతి స్వాధీనము లేదు’ అను అభియోగమగును. చట్టము ఇట్లు తొందరపడలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 12వ సెక్షనుగాని, 1925 నాటి వారసత్వ చట్టము 59వ సెక్షనుగాని మనుష్యునికి తగిలించిన పేరును చూడవు. ఆ పత్రము వ్రాయించిన సమయమున, తాను చేయునదేమో ఆతడు గ్రహించెనా లేదా యనియే చూచును. చరకుడు ధీస్మృతులను వేరు చేసిన ప్రయోజనము ఇదియే. నిన్న భుజించినది మరచినవాడు సైతము, తన తోట ఎవరికి చెందవలెనో ఎరిగియుండవచ్చును.

కాబట్టి పెద్దలకు నా మనవి. దింపు తీయించిన కాయల లెక్క ఒకనాడు మరచి, మరునాడు గుర్తు తెచ్చుకొన్నచో అది మతిమరుపు; దానికి వెరవ నక్కరలేదు. పాతపద్ధతిని విడువనియెడల అది చాదస్తము, దానితో వాదింపవచ్చును. ఏండ్ల తరబడి నడచిన కాలువగట్టున ఇంటిదారి తెలియకున్నను, రూపాయలు లెక్కించుట రాకున్నను, అయినవారి పేర్లు తప్పిపోవుచున్నను అది రోగలక్షణము కావచ్చును, వైద్యునికి చూపవలెను. థైరాయిడు లోపము, బి12 విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందులు సైతము ఇట్టి లక్షణములను కలిగించును. అవి చికిత్సకు లొంగునవి. చాదస్తమని నవ్వి ఊరకున్న ఇంట, నయము కాగల రోగము కూడ నయము కాక మిగిలిపోవును.