దూబగుంట నుంచి శాసనసభ దాకా

1992లో నేను ఇంజనీరింగు చదువుతున్నప్పుడు మన నెల్లూరు జిల్లా పేరు లేకుండా పత్రిక వచ్చేది కాదు. అవి సారా వ్యతిరేక ఉద్యమం రోజులు. మన బడిలో నాతో చదివినవాళ్లకూ, అప్పటి మాస్టార్లకూ గుర్తుండే ఉంటాయి. ఆ స్త్రీల తెగువ గురించి చాలామంది రాశారు. వాళ్లు శాసనసభను కదిలించిన పద్ధతి గురించి నాలుగు మాటలు చెబుతాను.

రాత్రి బడులకు వచ్చిన కూలి స్త్రీలు వాచకంలో సీతమ్మ కథ చదివి, అది తమ ఇంటి సంగతేనని గుర్తుపట్టారు. దూబగుంటలో రోశమ్మ, తోటి స్త్రీలు కలిసి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ కబురే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై మిగతా ఊళ్లకు చేరింది.

అసలు కీలకం వేలం పాటలో ఉంది. సారా అమ్ముకునే హక్కును ప్రభుత్వం ఏటా వేలం వేసేది. ఎక్సైజు సంవత్సరం అక్టోబరు 1న మొదలయ్యేది. ఈలోగా పాట జరగకపోతే ఖజానాకు రాబడి ఆగుతుంది. ఊళ్లలో కొట్లు మూయిస్తూనే వాళ్లు నెల్లూరులో వేలాన్ని అడ్డుకున్నారు. పాట మళ్లీ మళ్లీ వాయిదా పడింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు కూడా మన జిల్లావారే!

మనం ఎమ్మెల్యేకిచ్చే వినతిపత్రంలో రోడ్డు, కాలువ, బస్సు, శ్మశానం అన్నీ ఉంటాయి. ఆయన "చూద్దాం" అని పక్కన పెడతారు. వాళ్లది మాత్రం ఒక్కటే మాట: మా ఊళ్లో సారా వద్దు. దానికి అవుననో కాదనో చెప్పక తప్పదు. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. ఆ తేదీ యాదృచ్ఛికం కాదు.

ఉద్యమం పాకేకొద్దీ సంపూర్ణ మద్యనిషేధం కోర్కె కూడా చేరింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ దానికి మాటిచ్చి గెలిచి, ప్రమాణ స్వీకారం నాడే ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరిలో నిషేధం అమల్లోకి వచ్చింది. అంతకుముందు సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చిన 'వారుణి వాహిని' కూడా ఆయన ప్రభుత్వం పథకమే. ఓట్ల ముందు పాత పథకాలు ఎవరికీ అడ్డు రావు.

1997లో ఆదాయం పడిపోయిందనీ, దొంగసరుకు ఆగడం లేదనీ చెప్పి చంద్రబాబు ప్రభుత్వం చట్టాన్ని సడలించింది. ఖజానాకు పడిన గండి ఎలా పూడ్చాలో లెక్క వేసి సభ్యుల చేతిలో పెట్టి ఉంటే వాదన ఇంకొంత నిలిచేదని నా అభిప్రాయం. ఆ లెక్క వేయాల్సింది కూలి స్త్రీలు కాదు, చదువుకున్నవాళ్లు. బ్రాందీ షాపులు మళ్లీ తెరుచుకున్నాయి. దూబగుంట స్త్రీలు మొదట అడిగిన సారా నిషేధం జోలికి మాత్రం ప్రభుత్వం పోలేదు.