తోకచుక్క ఫోటోగ్రఫీ (నెల్లూరు తీరం)

నెల్లూరు తీరంలో సాయంత్రపు తోకచుక్కను ఫోటో తీయాలంటే సముద్రానికి వీపు పెట్టి నిలబడాలి. మైపాడులోనైనా, కోడూరులోనైనా పొద్దు గుంకేది నేలవైపే. ఇటీవలి ఉదాహరణ త్సుచిన్‌షాన్–అట్లాస్ (సి/2023 ఎ3). 2024 సెప్టెంబరు 27న సూర్యుడికి అతి దగ్గరగా వచ్చిన ఇది, ఆ రోజుల్లో తెల్లవారుజామున తూర్పున కనిపించేది. అక్టోబరు 12న భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరానికి చేరాక పడమటి సంధ్యలోకి మారి, శుక్రుడికీ స్వాతి నక్షత్రానికీ నడుమ మామూలు కంటికే కనిపించింది. నెల్లూరుకు మాత్రం ముహూర్తం కుదరలేదు: బంగాళాఖాతంలోని వాయుగుండం మబ్బులు, వానలు తెచ్చి 17న చెన్నైకి ఉత్తరాన తీరం దాటింది, ఆ రాత్రే పున్నమి. తర్వాతి వారం చీకటి దొరికినా తోకచుక్క వెలుగు తగ్గింది.

పరికరాలు కొద్దివే: కెమెరా, ట్రైపాడ్, టైమర్. 500ను లెన్సు ఫోకల్ దూరంతో భాగిస్తే (ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు) చుక్కలు గీతలు కాని ఎక్స్‌పోజర్ సుమారుగా తెలుస్తుంది, 50 మి.మీ. లెన్సుకు 10 సెకన్లు. ఆటోఫోకస్‌ను నమ్మకుండా శుక్రుడిపై చేత్తో ఫోకస్ చేయడం మేలు. ఉప్పుగాలికి లెన్సు మసకబారుతుంది, తుడుస్తుండాలి. రొయ్యల చెరువుల దీపాలు, కృష్ణపట్నం రేవు వెలుగు ఫ్రేములో పడని చోటు వెతుక్కోవాలి.