సేకర్త అనంతరం పత్రికలు: కొట్టైయూరు నుంచి చెన్నైకి

పత్రికల ఆధారంగా సాహిత్య చరిత్ర రాసే పరిశోధకులు సంపుటి, సంచిక, నెల, సంవత్సరం తప్పక పేర్కొంటారు. ఆ సంచిక ఎవరి ఇంట చెదలకు చిక్కకుండా నిలిచి తమ చేతికి వచ్చిందో మాత్రం అరుదుగా ప్రస్తావిస్తారు. సినిమా, వంట, గృహవైద్యం, జ్యోతిషం, పిల్లల కథలు వంటి విషయాల మీద వెలువడిన పత్రికలను చందా కట్టి తెప్పించుకోదగినవిగా మన కళాశాలలు సాధారణంగా భావించలేదు. అవి మిగిలాయంటే అభిరుచి కొద్దీ పోగుచేసిన వ్యక్తుల చలవే. కనుక సేకర్త కన్నుమూసిన తరువాత ఆ సంచికలు ఎక్కడికి చేరాయన్నది కూడా పత్రికా చరిత్రలో భాగమే.

ఈ విషయంలో తమిళనాట రోజా ముత్తయ్య చెట్టియార్ ఉదంతం పరిశీలించదగినది. ఆయన వృత్తిరీత్యా సైన్‌బోర్డులు రాసే చిత్రకారుడు. 1992లో మరణించేనాటికి చెట్టినాడు ప్రాంతంలోని కొట్టైయూరులో ఆయన ఇంట సుమారు లక్ష అంశాలు పోగుపడ్డాయి. గ్రంథాలు, పత్రికలతో పాటు నాటకాల కరపత్రాలు, ఆహ్వాన పత్రికలు కూడా అందులో ఉన్నాయి. ఏది పరిశోధనకు పనికివస్తుందో, ఏది రాదో ముందుగా నిర్ణయించుకోకపోవడమే ఈ సేకరణకు బలమైంది. గ్రంథాలయ శాస్త్రం చదివినవారెవరైనా ఆ కరపత్రాలను మొదటిరోజే పక్కన పెట్టి ఉండేవారేమో!

ఆయన అనంతరం షికాగో విశ్వవిద్యాలయం కుటుంబసభ్యుల నుంచి ఈ సేకరణను మొత్తంగా కొనుగోలు చేసింది. అయితే దానిని అమెరికాకు తరలించలేదు. దానినే మూలనిధిగా చేసుకొని 1994లో చెన్నైలో రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఏర్పడింది. జీర్ణమవుతున్న ప్రతులను మైక్రోఫిల్మ్ చేసే పని అక్కడే సాగింది. మూలప్రతి దాని భాషాప్రాంతంలోనే నిలిచింది, దాని ప్రతిబింబం దూరదేశపు పరిశోధకులకూ అందింది.

ఈ నిర్ణయం విలువ తెలియాలంటే మెకంజీ సేకరణను గుర్తుచేసుకోవాలి. 1821లో కాలిన్ మెకంజీ మరణించాక ఆయన సేకరణను ఈస్టిండియా కంపెనీ కొనుగోలు చేసింది. తరువాత అది కలకత్తా, లండన్, మద్రాసుల మధ్య విడిపోయింది. కైఫీయత్తులపై పనిచేసే తెలుగు పరిశోధకులు ఆ చీలిక ఫలితాన్ని నేటికీ అనుభవిస్తున్నారు. కాగితం నశించకపోయినా, ఏది దేనితో కలిసి ఉండేదన్న సమాచారం నశిస్తుంది. పత్రికల విషయంలో ఈ నష్టం మరింత తీవ్రం. విడి పుస్తకం ఎక్కడున్నా చదువుకోవచ్చు. ధారావాహిక నవల పన్నెండు సంచికల్లో ఏడు ఒకచోట, అయిదు మరొకచోట ఉంటే పాఠమే తెగిపోతుంది. జంటప్రతులని తీసివేయడం, బైండు చేసేటప్పుడు అట్టలు, ప్రకటనల పుటలు తొలగించడం వంటి ‘సదుద్దేశ’ చర్యలు కూడా దాదాపు ఇంత హానీ చేస్తాయి.

హైదరాబాదులోనూ ఇటువంటి తరలింపు జరిగింది. ఉర్దూ పత్రికలను విశేషంగా కూర్చిన అబ్దుస్ సమద్ ఖాన్ సేకరణ అమెరికా విశ్వవిద్యాలయాల కూటమి సహకారంతో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరింది. ఇక్కడా సేకరణ నగరం విడిచి పోలేదు, ముక్కలు కాలేదు. కానీ 2000 ఆగస్టులో కురిసిన కుండపోత వానకు వరదనీరు విజ్ఞాన కేంద్రంలోకి చేరి పుస్తకాలు, పత్రికలు తడిసిపోయాయి. వ్యక్తి ఇంట దశాబ్దాలు నిలిచిన కాగితం సంస్థ గోడల మధ్య ఒక్క వానకు ప్రమాదంలో పడింది. సంస్థకు అప్పగించడంతోనే సంరక్షణ పూర్తయినట్లు భావించే తెలుగు దాతలు, గ్రంథాలయాధికారులు ఈ ఘట్టాన్ని అంతగా చర్చించలేదు.

తెలుగులో ఇళ్లలోని పత్రికల సేకరణలు ఇప్పుడు వారసుల చేతుల్లోకి వస్తున్నాయి. గ్రంథాలయం వాటిని స్వీకరించినా, దాత పేరు యాక్సెషన్ రిజిస్టరులోనే ఆగిపోతుంది, కేటలాగులోకి సాధారణంగా రాదు. అరల మీదికి చేరాక ఏ సంచిక ఎవరి సేకరణలోదో చెప్పడం అసాధ్యం. అప్పగింతకు ముందే, సంచికలు ఇంకా సేకర్త పేర్చిన వరుసలోనే ఉన్నప్పుడు, ఆ ఇంట్లోనే కూర్చొని సంచికలవారీ జాబితా రాయవలసి ఉంటుంది.