సీమ సైకిలు

పాత ఇనప సామాన్ల కొట్టు ముందునుంచి తల తిప్పకుండా నడిచిపోగలిగే మనుషులంటే నాకు గొప్ప గౌరవం. నాకా నిగ్రహం లేదు. ఒక మరచెంబో, మసిబారిన లాంతరో కనిపిస్తే చాలు, కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. కిందటి వేసవిలో గుంటూరులో అలా ఆగినప్పుడు, రేకు డబ్బాల వెనకాల గోడకి జేరబడి ఒక సైకిలు కనిపించింది. సీటు లేదు. వెనక మడ్‌గార్డు సగమే వుంది. ఎవరో పుణ్యాత్ములు దానికి కిటికీ తలుపులకి వేసే ఆకుపచ్చ రంగు పులిమారు. అయినా హ్యాండిలు కింద, ముందు గొట్టం మీద, ఆ పచ్చదనంలోంచి ఒక కొంగ తల తొంగిచూస్తోంది.

ఆ కొంగని చూసి నా గుండె ఝల్లుమంది. మా తాతయ్య సైకిలు మీద వుండేది ఆ కొంగే.

మా తాతయ్య ఆ సైకిలుని ఏనాడూ వుత్త సైకిలు అనలేదు. ‘సీమ సైకిలు’ అనేవారు. దుగ్గిరాలలో పసుపు అమ్మిన డబ్బుతో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు, అంటే 1956లో, తెనాలి వెళ్ళి కొన్నారట. “నాటింగ్‌హాం నుంచి ఓడెక్కి వచ్చింది” అని ఊళ్ళో ఎవరడిగినా, అడక్కపోయినా చెప్పేవారు. ఆయన తర్వాత అది నాన్నగారికి వచ్చింది. ఆ సైకిలు మీదే కాలవ గట్టంట పక్కూరి స్కూలుకి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చేవారు. ఎత్తు సీటు అందక, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి దొంగతొక్కుడు నేర్చుకున్నది నేనూ దాని మీదే. 1996లో నేను బి.ఎ.లో చేరినప్పుడు పుస్తకాలకి డబ్బు చాలక దాన్ని మూడొందల యాభైకి అమ్మేశారు. నేనప్పుడు ఏమీ అనలేదు. అనడానికి నా దగ్గర మూడొందల యాభై లేదుగా!

సరే, కొట్టువాడు రెండు వేలన్నాడు. ఇచ్చేశాను. ఇంటికి తెచ్చాక మావారు దాన్ని కాటా మీద పెట్టించి, “పంతొమ్మిది కిలోలు. కిలో నూటఐదు రూపాయల తుప్పు” అని లెక్క తేల్చారు. మా అబ్బాయి సైకిలు ఇందులో సగం బరువుండదు, దానికి ఇరవైయొక్క గేర్లు. వాడు ఈ కొత్త చుట్టాన్ని చూసి, “అమ్మా, దీనికి లైసెన్సు కావాలేమో” అన్నాడు.

వాడు వేళాకోళానికి అన్నాడు గానీ, ఒకప్పుడు నిజంగానే కావలసి వచ్చేది. మునిసిపాలిటీలూ పంచాయతీలూ సైకిలుకి పన్ను కట్టించుకుని రేకు బిళ్ల ఇచ్చేవి. నా సైకిలుకి ముందు చక్రం ఇరుసు దగ్గర మట్టిలో కూరుకుపోయి అలాంటిదే ఒకటి దొరికింది. తెనాలి మునిసిపాలిటీ, 1961-62. తెనాలి! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. తాతయ్యది పల్లెటూరు, ఆయన సైకిలుకైతే పంచాయతీ బిళ్ల వుండాలి కదా అని బుద్ధి చెబుతూనే వుంది. మనసు వింటేనా!

మర్నాడే సైకిలు షాపు సాయిబుగారి దగ్గరికి తోలించాను. డెబ్బై దాటిన మనిషి. ఆయన దాని చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసి, “అమ్మగారూ, మీకు బండి కావాలా, దాని జాతకం కావాలా?” అనడిగారు. రెండూ కావాలన్నాను. “అయితే రంగు ముట్టుకోవద్దు. ముందు కిరసనాయిలుతో కడుగుదాం” అన్నారు.

పాత సైకిలు జాతకం పేరుని బట్టి చెప్పలేం. పేరు ఎవరైనా అతికించవచ్చు, కొంగ బొమ్మ విప్పి వేరేదానికి బిగించవచ్చు. ఒళ్ళంతా తడిమి చూడాలి. ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే పడుతుంది గనక ఇది పాత ఇంగ్లీషువాళ్ళ లెక్క. మన దేశం ఆ లెక్కనే పట్టుకుని కూచుంది. 28 అంగుళాల చక్రాలు, తీగ బ్రేకులు కాక కడ్డీ బ్రేకులు, 24 అంగుళాల ఫ్రేము. ఇవన్నీ వున్నాయి. కానీ ఇంగ్లీషు సైకిలుకీ దాన్ని చూసి చేసిన మన సైకిలుకీ ఇవన్నీ సమానమే.

మూడోరోజు సాయిబుగారు కబురుపెట్టారు. వెనక చక్రం నడిమి బొడ్డు మిగతా వాటిలా సన్నగా లేదు, చిన్న డబ్బాలా లావుగా వుంది. గ్రీజూ మట్టీ గట్టిపడి పిడకలా పట్టేసివుంటే ఇత్తడి బ్రష్షుతో రాశారు. లోపల స్టర్మీ ఆర్చర్ అన్న పేరూ, ‘ఏ డబ్ల్యూ’ అన్న అక్షరాలూ, ఒక 52 అంకే బయటపడ్డాయి. నేను చదివిన చదువుకి మొదటిసారి చేతికందిన ప్రయోజనం అదే! ఎందుకంటే ఆ 52 ఏమిటో నాకు తెలుసు. నాటింగ్‌హాంలో స్టర్మీ ఆర్చర్ వాళ్ళు గేర్ల బొడ్డు తయారుచేసినప్పుడు దాని మీద ఆ ఏడు గుద్దేవారు. అంటే 1952.

ఆ బొడ్డులో మూడు గేర్లు దాక్కుని వుంటాయి. మధ్యలో ఒక పళ్ల చక్రం కదలకుండా వుంటే, దాని చుట్టూ నాలుగు బుల్లి పళ్ల చక్రాలు తిరుగుతాయి. ఇంజనీర్లు కూడా వాటిని సూర్యుడూ గ్రహాలూ అనే అంటారు. నడిమి గేరులో మామూలు సైకిలే. కింది గేరులో నాలుగోవంతు తేలిక, పై గేరులో మూడోవంతు వేగం. అంత నవగ్రహ మండపానికీ చేయవలసిన పూజ ఏమిటయ్యా అంటే, బొడ్డుకున్న చిన్న మూత తీసి అప్పుడప్పుడూ నాలుగు చుక్కల నూనె పోయడమే. ఇన్నేళ్ళ తర్వాత నూనె పోసి తిప్పితే, టిక్ టిక్ టిక్ మని గడియారంలా పలికింది.

నాటింగ్‌హాంలో ర్యాలీ స్ట్రీట్ అని ఒక వీధి వుంది. అక్కడ ముగ్గురు కలిసి చిన్న షాపులో సైకిళ్ళు చేసేవారు. హాంగ్‌కాంగ్‌లో డబ్బు గడించి, ఆరోగ్యం పాడుచేసుకుని తిరిగొచ్చిన ఫ్రాంక్ బౌడన్ అనే ఆయనకి డాక్టరు సైకిలు తొక్కమని చెప్పాడట. తొక్కాడు, కోలుకున్నాడు. ఊరుకోక ఆ షాపుని కొనేసి, 1888లో కంపెనీ పెట్టాడు. కొంగ తల ఆయన వంశ చిహ్నమే. వీధి పేరు సైకిలుకీ, వంశం కొంగ సైకిలు మొహానికీ వచ్చాయి. ఆ ఫ్యాక్టరీలో కుర్రతనంలో పనిచేసిన అలన్ సిల్లిటో తర్వాత రచయిత అయ్యి, 1958లో అచ్చయిన తన తొలి నవలలో నాయకుణ్ణి సైకిలు ఫ్యాక్టరీ లేతు మీదే నిలబెట్టాడు. సైకిలు ఫ్యాక్టరీ నవలాకారుల్ని కూడా తయారుచేస్తుందని మావారికి చెప్పాను. “ఆయన సైకిలు చేసి నవల రాశాడు. నువ్వు నవల రాసి సైకిలు చేస్తున్నావు” అన్నారు.

52 చూసి నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. సాయిబుగారు మాత్రం చెయ్యి తుడుచుకుంటూ, “అమ్మా, చక్రం సీమదే. కాదనను. కానీ చక్రం తన సంగతే చెబుతుంది, బండి సంగతి చెప్పదు. సాయంత్రం పది చక్రాలు మార్చేవాణ్ణి నేను” అన్నారు.

మిగిలింది రంగు. సీటు కింద గొట్టం మీద రెండంగుళాల మేర మాత్రం మెత్తటి గుడ్డతో, కొంచెం కొంచెంగా ఆకుపచ్చని కరిగించాం. కింద నలుపు వచ్చింది. నలుపు మీద సన్నని బంగారు గీత. దాని కింద చిలుకచెక్కుళ్ళు పోయిన అక్షరాలు. సగం రోజు పట్టింది. ఆ అక్షరాల్లో నాటింగ్‌హాం లేదు. ఆసన్‌సోల్ వుంది.

నాకు అప్పుడేం తోచలేదు. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు తోచింది. ఈ సైకిలు మాది కాకపోతే పోయె, మా తాతయ్యదో?

స్వరాజ్యం వచ్చాక మన ప్రభుత్వం దేశంలో ఫ్యాక్టరీలు నిలబడాలని సైకిళ్ళ దిగుమతి మీద కట్టడి బిగించింది. సరుకు పంపడానికి దారి మూసుకుపోతున్నదని సీమవాళ్ళు ఇక్కడికే వచ్చి జత కట్టారు. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మురుగప్పవారితో కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టారు, హెర్క్యులిస్ అక్కడ తయారైంది. కలకత్తాలో సైకిళ్ళ వ్యాపారం చేసిన సుధీర్ కుమార్ సేన్ ర్యాలీ వాళ్ళతో చెయ్యి కలిపారు. ఆసన్‌సోల్ పక్కన కన్యాపూర్‌లో, బొగ్గుగనుల నడుమ, సేన్-ర్యాలీ ఫ్యాక్టరీ లేచింది. అదే కొంగ, అదే నలుపు, అదే బంగారు గీత. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. ఆ 1956-57లోనే దేశానికి విదేశీ మారకం కటకట వచ్చిపడింది. అలాంటి ఏడు, తెనాలి బజారులో, పసుపు అమ్ముకున్న రైతుకి, ఓడెక్కి వచ్చిన సైకిలు దొరికిందంటే నమ్మడం కష్టం.

మరి నేను? నా రెండో నవల్లో ఒక ముసలాయన చేత అచ్చంగా ఆ ఏడే, ఆ వూళ్ళోనే, ఇంగ్లండు సైకిలు కొనిపించాను. అధ్యాయం చివర దాని గంట కూడా మోగించాను. ఒక్క పాఠకుడూ తప్పు పట్టలేదు. పట్టివుంటే, “మా ఇంట్లో జరిగిందండీ” అని దబాయించేదాన్ని.

‘సీమ’ అన్న మాటలోనే వుంది ఆ మాయ. సీమచింత, సీమవంకాయ, సీమసున్నం... ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ తెలియనక్కర్లేదు, దూరం నుంచి వచ్చిందంటే చాలు, మర్యాద. అసలు సీమచింత ఇంగ్లండులో పుట్టనే లేదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. మరి ఆసన్‌సోల్ మాత్రం తెనాలికి తక్కువ దూరమా!

సరే, మళ్ళీ సైకిలు దగ్గరికి వద్దాం. మా జిల్లాలో ఈ పనిని ‘ఓవరాయిలింగు’ అంటారు. ఇంగ్లీషు మాటకి నూనె రాసి మనవాళ్ళు సుఖంగా తిప్పుకున్నారు. పెడల్ కాడల్ని పట్టివుంచే కాటర్ పిన్నులు తుప్పుతో బిగిసిపోతే, రెండు రోజులు నూనెలో నానబెట్టి, కింద దన్ను పెట్టి, ఒకే దెబ్బకి దించారు సాయిబుగారు. పది చిన్న దెబ్బలు కొడితే పిన్ను వంగుతుందట. పెడల్ ఇరుసు కప్పుల్ని మాత్రం మార్చనివ్వలేదు. మిగతా కంపెనీల మరకి అంగుళానికి 24 చుట్లుంటే, ర్యాలీ వాళ్ళు పట్టుబట్టి 26 చుట్లు పెట్టుకున్నారు. తెలియక బజారు కప్పు బలవంతాన బిగిస్తే ఫ్రేము మర పాడైపోతుంది. అందుకని పాత కప్పులే కడిగి, కొత్త బాల్సు వేశారు, పావంగుళం సైజువి, పక్కకి పదకొండు చొప్పున.

ఒక్క పొరపాటు జరిగింది. మిగిలిన ఆకుపచ్చ తీయడానికి పెట్టిన కుర్రాడు ఉత్సాహంలో గరుకు కాగితం పట్టి కుడివైపు బంగారు గీతంతా తుడిచేశాడు. నేను ఏడుపు మొహం పెడితే, కొత్త గీత గీయించి ఇస్తామన్నారు. వద్దన్నాను. ఇప్పుడది ఎడమనుంచి చూస్తే పెళ్ళికొడుకు, కుడినుంచి చూస్తే పెళ్ళికొడుకు బాబాయి.

కన్యాపూర్ ఫ్యాక్టరీ తర్వాత ప్రభుత్వం చేతికి వెళ్ళింది, ఆ పైన మూతపడింది. నాటింగ్‌హాంలో సైకిళ్ళ తయారీ 2002లో ఆగిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు విశ్వవిద్యాలయం వుంది. గేర్ల బొడ్డు పేరు 2000లో తైవాన్ వాళ్ళు కొనుక్కున్నారు. సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగింది, ఆరోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కూడానూ.

నాన్నగారికి ఎనభై నాలుగు. చూపు బాగా మందగించింది. సైకిలు తెచ్చి వరండాలో నిలబెట్టి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ముందు కొంగ మీద వేళ్ళు పెట్టారు. తర్వాత పై కడ్డీ అడుగున తడుముతూ వెళ్ళి, సీటు దగ్గర ఆగి, “ఇది మనది కాదమ్మాయ్. మనదానికి ఇక్కడ సొట్ట వుండాలి. వంతెన మీద నువ్వు పడేశావు” అన్నారు.

“తెలుసు నాన్నగారూ” అని, కాసేపు తటపటాయించి, ఆసన్‌సోల్ సంగతి చెప్పాను. 1956 సంగతీ చెప్పాను. తాతయ్యని ఏదో అనేసినట్టు గొంతు పూడుకుపోయింది.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. “మనదాని మీదా ఆసన్‌సోలే వుండేది. కొన్న మర్నాడే చదివాను, అప్పుడు నాది ఎనిమిదో క్లాసు. మీ తాతయ్యకి ఇంగ్లీషు రాదుగా. అప్పటికే అరుగు మీద నలుగురికీ చెప్పేశారు.”

“మరి మీరు ఎప్పుడూ చెప్పలేదే?”

“ఎవరికి చెప్పను?” అన్నారు. తర్వాత బ్రేకు కడ్డీ నొక్కి, చక్రం తిప్పించి, చెవొగ్గి విన్నారు. “గేర్లు బాగానే పలుకుతున్నాయి. బ్రేకు రబ్బర్లు మాత్రం మార్పించు. వానలో ఇవి ఆగవు. మనదీ ఆగేది కాదు.”